రెండో చుట్టు

1978 సెప్టెంబరులో మా దీవికి పెళ్ళింటి హడావిడి పట్టుకుంది. నమీబియా పిల్లలు వస్తున్నారు. ఆ మే నెలలో అంగోలాలోని కసింగా అనే చోట వాళ్ళ శరణార్థి శిబిరం మీద, వాళ్ళ దేశాన్ని ఆక్రమించుకున్న దక్షిణాఫ్రికా విమానాలు బాంబులు వేశాయి. చావగా మిగిలిన పిల్లల్ని మా క్యూబా తెచ్చుకుంటోంది. వాళ్ళ కోసం మా పంపరపనస తోటల నడుమ కొత్త బడి కట్టాం. కట్టాం అంటే నిజంగా మేమే కట్టాం. స్పానిష్ పంతులమ్మనైన నేను కూడా ఆదివారాలు ఇటుకలు మోశాను. నడుం పట్టేసి వారం రోజులు వంగలేకపోయాను.

మా దగ్గర మాత్రం ఏముందని? రేషను బియ్యం, వేయించిన బఠాణీలు కలిపిన కాఫీ. అందులోంచే తలా కాస్త తీశాం. మా అత్తగారు హెర్మీనియా తన పెళ్ళినాటి దుప్పటి చింపి దిండు గలీబులు కుట్టింది. కుడుతున్నంతసేపూ ప్రభుత్వాన్నీ, సూదినీ, తన కళ్ళనీ తిడుతూనే ఉంది. కుట్లు మాత్రం ముత్యాల్లా పడ్డాయి.

మా ఆయన ఎవెలియో తోటల మీద పురుగులమందు చల్లే విమానం నడిపేవాడు. అంగోలాలో మా సైన్యం చేస్తున్న యుద్ధానికి పోతానని రెండుసార్లు పేరిచ్చాడు. రెండుసార్లూ "నీ యుద్ధం ఇక్కడే కామ్రేడ్, పురుగుల మీద" అని తిప్పి పంపేశారు. అప్పట్నుంచీ డామినోలాడే చోట స్నేహితులు అతన్ని "పురుగుల జనరల్" అని పిలిచేవాళ్ళు. పైకి నవ్వేవాడు గానీ ఇంటికొచ్చాక ఆ మాట గుచ్చుకున్నట్టే ఉండేవాడు. అందుకే ఒకరోజు అన్నాల దగ్గర తనకొచ్చిన ఆలోచన బయటపెట్టినప్పుడు అతని మొహం వెలిగిపోతూ ఉంది.

"పిల్లల మీద పూలు కురిపిస్తాను," అన్నాడు.

"ఎక్కణ్ణించి?" అంది మా అత్తగారు.

"పైనుంచే! మొదటిరోజు పొద్దున జెండా దగ్గర వరసల్లో నిలబడతారు కదా, సరిగ్గా అప్పుడు."

"పురుగులమందు పోసే తొట్టిలో పూలా? మన కోతవాళ్ళకంటే అలవాటు, పాపం అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకి దద్దుర్లు తెప్పిస్తావట్రా?"

"మూడుసార్లు కడుగుతానే అమ్మా."

"నీ చొక్కా ఎప్పుడైనా ఒక్కసారి ఉతుక్కున్న మొహమేనా? తొట్టి కడుగుతాట్ట, తొట్టి!"

పూలు కురిపించడం మాకు కొత్త కాదు. ఏటా కోత మొదలయ్యే రోజు పొద్దున కోతవాళ్ళు తోట గట్టున వరస కడితే, ఎవెలియో చెట్ల తలలు తాకేంత కిందికి వచ్చి కాగితంపూలు కురిపించేవాడు. అందరం టోపీలు ఊపుతూ అరిచేవాళ్ళం. అది లేకపోతే కోత మొదలైనట్టే ఉండేది కాదు. బడి డైరెక్టరు బల్దొమేరో ఈ ఆలోచన వినగానే చేతులు చరిచాడు. "ఎవరికీ చెప్పొద్దు. వచ్చినవాళ్ళకి అసలే చెప్పొద్దు. ఆశ్చర్యపోవాలి," అన్నాడు. ఊరంతా దొడ్లు దులిపి బస్తాల కొద్దీ కాగితంపూలు కోసిచ్చింది.

ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ శిబిరం మీద ఏం జరిగిందో మాకు తెలియక కాదు. పేపర్లో చదివాం, రేడియోలో విన్నాం, వీధిలో సమావేశం పెట్టుకుని ఏడ్చాం. "విమానాలు" అన్న మాట మేమే పదిసార్లు పలికాం. అయినా అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. మాకు విమానమంటే ఎవెలియో, అంతే.

పిల్లలు ఓడ దిగి బడికి చేరేసరికి సాయంత్రమైంది. వాళ్ళతో లాహ్యా అని ఒకావిడ వచ్చింది. అంగోలా రాజధాని లువాండాలో మా డాక్టర్ల దగ్గర పనిచేసి మా భాష నేర్చుకుంది. పిల్లలంతా ఆవిణ్ణి "మెమె" అని పిలిచేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మ అని. వాళ్ళలో పదకొండేళ్ళ పిల్ల ఒకత్తి, తైమి, నేనిచ్చిన పంపరపనస తొన నోట్లో పెట్టుకుని చేదుకి మొహం చిట్లించి, మర్యాదకి మింగేసింది. నాకు భలే నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున కొత్త యూనిఫారాల్లో వరసలు కట్టారు. ఒకపక్క వాళ్ళు, ఒకపక్క స్వాగతం చెప్పడానికి ఊరి బడి నుంచి వచ్చిన మా పిల్లలు. జెండా పైకి పోతోంది, బాజా మోగుతోంది. అప్పుడు తోటల అవతల నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. నేను నవ్వుతూ లాహ్యా వైపు తిరిగాను, చూడమని చెప్పడానికి.

ఆవిడ మొహంలో రక్తం లేదు.

"ఏమిటది?" అంది.

"మా ఆయనే," అన్నాను. ఇంకేదో చెప్పబోయాను గానీ అప్పటికే విమానం చెట్ల మీదుగా వచ్చేసింది.

ఒక్క పిల్ల కూడా అరవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పిల్లలు భయపడితే ఏడుస్తారని నాకు తెలుసు. వీళ్ళు ఏడవలేదు. ఎవరో తాడు లాగినట్టు అందరూ ఒక్కసారే నేలకి కరుచుకున్నారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ మీద పడుకున్నారు. ఎర్రగా కాగితంపూలు వచ్చి వాళ్ళ వీపుల మీద, తలల మీద పడుతున్నాయి. పక్క వరసల్లో మా పిల్లలు ఎగురుతున్నారు, పూలు పట్టుకోవడానికి పోటీలు పడుతున్నారు, "ఇటు, ఇటు!" అని విమానానికి చేతులు ఊపుతున్నారు. ఆపమని చెప్పే దిక్కులేక బాజావాళ్ళు వాయిస్తూనే ఉన్నారు.

పైనున్న ఎవెలియోకి ఏం కనిపించిందో అతనే తర్వాత చెప్పాడు. చేతులూపే పిల్లలు కనిపించారు. కొందరు నేల మీద పడి దొర్లుతున్నట్టు కనిపించారు. పూల కోసం పడి కొట్టుకుంటున్నారనుకున్నాడు. తొట్టిలో ఇంకా సగం పూలు మిగిలే ఉన్నాయి. అందుకని చుట్టు తిరిగి రెండోసారి వచ్చాడు, ఇంకా కిందికి.

ఆ రెండోసారికి పిల్లలు లేచి పరుగెత్తారు. లాహ్యా మైదానం మధ్యకి ఉరికి, అందిన పిల్లనల్లా పట్టి కిందికి నొక్కుతోంది. నేను కూడా పరుగెత్తాను. ఏం చేయడానికో నాకే తెలియదు. పైకి చూసి "పో! పో!" అని గొంతు చించుకున్నాను. నేనేదో సంతోషంతో అరుస్తున్నాననుకుని మా ఆయన రెక్కలు ఊపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అతను జీపు దిగి టోపీ చేత్తో పట్టుకుని బడి గేటులోకి పరుగున రావడం నేను మరిచిపోలేను. నుదుటి మీద చెమట, చెవుల దాకా నవ్వు.

"ఏమే, బాగా పడ్డాయా పూలు?" అన్నాడు.

నేను చెప్పాను. ఒక్క ముక్కలోనే చెప్పాను: "విమానం చూసి చచ్చేంత భయపడ్డారు ఎవెలియో." అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నిలబడ్డచోటే చతికిలబడ్డాడు. మైదానంలో తడిసిన నిక్కర్లతో కూర్చున్న పిల్లల్ని చూశాడు. చూడలేక మొహం టోపీలో దాచుకున్నాడు.

పేర్లు పిలిస్తే తైమి పలకలేదు.

తోటంటే మామూలు తోట కాదు, ఒకే తీరు చెట్లు కొండల దాకా పోతాయి. అందులో పాడుపడ్డ నీటి గుంటలున్నాయి, కాలువలున్నాయి. పైగా చెట్ల మీద మందు చల్లి వారమైనా కాలేదు. ఆకలేసి పండు కోసుకుని కడగకుండా తింటే ఆ పిల్ల ప్రాణానికే ముప్పు. ఆ మాట అందరికంటే బాగా ఎవెలియోకే తెలుసు. ఊరి మగవాళ్ళందర్నీ లారీల్లో పోగేశాడు. మధ్యలో గడ్డి నరకడానికి కత్తులు, కొమ్మలు వంచడానికి కర్రలు పట్టుకుని, చేతికి చెయ్యి అందేంత దూరంలో వరస కట్టి, "తైమీ! తైమీ!" అని కేకలు వేస్తూ చెట్లలోకి నడిచారు. ఎవెలియో గొంతు అందరి గొంతులకీ పైన వినిపిస్తోంది.

మధ్యాహ్నం దాటింది. పిల్ల జాడ లేదు.

అప్పటిదాకా లోపల పిల్లల దగ్గర ఉండిపోయిన లాహ్యా మెట్ల మీదికి వచ్చింది. తోట వైపు చూసింది. చూస్తూనే నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు విరిగింది.

"ఎవరు వాళ్ళు?"

"మా ఊరివాళ్ళే. పిల్లని వెతుకుతున్నారు."

"ఆపు. ఇప్పుడే ఆపు వాళ్ళని!"

"ఆపితే ఎలా? పొద్దుపోతే..."

"నీకు తెలీదు," అంది లాహ్యా. గొంతు పెంచలేదు. "ఆ రోజు విమానాలతో అయిపోలేదు. తర్వాత ఆకాశంలోంచి మనుషులు దిగారు. ఇలాగే వరస కట్టారు. దాక్కున్నవాళ్ళని వెతుక్కుంటూ చెట్లలోకి ఇలాగే నడిచారు. బయటికి రండి, మేం మీవాళ్ళమే అని పిలుస్తూ."

నేను ఇటుకలు మోసినప్పుడు గానీ, వీధిలో ఏడ్చినప్పుడు గానీ, ఇది నా ఊహకైనా అందలేదు. మేం ఆ రోజుని మళ్ళీ మొదటినుంచి చివరిదాకా ఆ పిల్లకి ఆడి చూపించాం. ప్రేమతో, పూలతో, పేరు పెట్టి పిలుస్తూ.

గట్టు మీద నిలబడి ఎవెలియోని పిలిచాను. లాహ్యా చెప్పిందే అతనికి చెప్పాను. చేతిలో కత్తి కింద పడేశాడు. వరసలో అటూ ఇటూ ఉన్నవాళ్ళు కూడా విని కత్తులు కింద పెట్టారు. ఒక్కొక్కరే తలలు దించుకుని తోటలోంచి బయటికి వచ్చారు.

"మరి ఏం చెయ్యమంటావు?" అన్నాడు ఎవెలియో లాహ్యాతో. "ఏదో ఒకటి చెప్పు తల్లీ. ఊరికే కూచోమంటే నా వల్ల కాదు."

"మగవాళ్ళెవరూ కనపడకూడదు," అంది లాహ్యా. "నువ్వు లారీ వెనక్కి పో." తర్వాత, కబురు విని వచ్చి నా పక్కనే నిలబడ్డ మా అత్తగారి వైపు తిరిగింది. "మీ ఇళ్ళల్లో రోలు, రోకలి ఉంటాయా?"

"రోలు లేని కొంపలుంటాయా ఎక్కడైనా!" అంది మా అత్తగారు.

ఆవిడ కాఫీ గింజలు దంచుకునే కొయ్య రోలుని జీపులో తెప్పించాం. వంటింట్లోంచి మొక్కజొన్నలు తెచ్చి పోశాం. తోట అంచున ఎర్రమట్టి మీద రోలు పెట్టి లాహ్యా దంచడం మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళల్లో పొద్దు వాలే వేళకి ఇల్లిల్లూ సజ్జలు దంచుతారట. ఆపద వస్తే ముందు ఆ చప్పుడే ఆగిపోతుందట. లాహ్యా అలిసిపోతే నేను అందుకున్నాను. నా తర్వాత మా అత్తగారు.

"నా ముఖానికి ఎప్పుడూ పావుకేజీ కాఫీ దంచే భాగ్యం లేదు గానీ," అని గొణుగుతూనే ఆవిడ పోటు మీద పోటు వేసింది. "రావే తల్లీ, రా. ఈ ముసలిదాని భుజాలు పడిపోకముందే రా."

అరచేతులు బొబ్బలెక్కినా రోకలి వదల్లేదు. ఇవ్వమంటే నన్ను కసిరింది. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

పొద్దు వాలుతుండగా చెట్ల మధ్య తెల్లచొక్కా కదిలింది. మేమెవరం పిలవలేదు. దంచుతూనే ఉన్నాం. తైమి ఒక చెట్టు దగ్గర ఆగింది, మళ్ళీ ఒక చెట్టు దగ్గర ఆగింది. చివరికి వచ్చి మా అత్తగారి పక్కన నిలబడి, రోకలికి తనూ ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి నాలుగు పోట్లు వేశాక గానీ లాహ్యా ఆ పిల్లని దగ్గరికి తీసుకోలేదు.

లారీ వెనకాల మా ఆయన వెక్కివెక్కి ఏడవడం నాకు వినిపించింది.

ఆ వారంలో మీటింగు పెట్టారు. పూలు కురిపించడం పూర్తిగా కామ్రేడ్ ఎవెలియో సొంత నిర్ణయమని డైరెక్టరు లేచి చెప్పాడు. "మరి బాజా ఎవరి నిర్ణయం కామ్రేడ్ డైరెక్టర్?" అని అడిగాను నేను. ఎవెలియో మాత్రం ఏ వాదనా పెట్టుకోలేదు. బడి చుట్టూ తోటలకి ఇక విమానంతో మందు చల్లబోనన్నాడు. ట్రాక్టరు వెనక పీపా కట్టి, గొట్టం భుజాన వేసుకుని చెట్టుచెట్టుకీ తనే చల్లుతానన్నాడు. విమానం ఒక పూటలో చేసే పనికి అతనికి వారాలు పట్టేది. మట్టి కొట్టుకుపోయి ఇంటికొచ్చేవాడు. డామినోల దగ్గర మాత్రం ఆ తర్వాత అతన్నెవరూ జనరల్ అనలేదు.

మా ఊళ్ళో ఒక్కో కుటుంబం ఒక్కో పిల్లని ఆదివారాలు ఇంటికి తెచ్చుకోవాలని అనుకున్నాం. ఎవరింటికి పోతావని లాహ్యా అడిగితే తైమి మా ఇంటి పేరే చెప్పింది. పాఠం చెప్పే పంతులమ్మనని కాబోలు అనుకున్నాను. ఎవెలియో బెదిరిపోయాడు.

"ఆ విమానం నడిపింది నేనేనని దానికి చెప్పకే," అన్నాడు. "నీకు పుణ్యముంటుంది. చెప్పకు."

విమానం పక్కన అతను నిలబడ్డ ఫొటోని మా అత్తగారు గోడ మీంచి తీసి బీరువాలో పెట్టేసింది. ఆదివారం వస్తే అతను పిల్ల మొహం చూడకుండా ఏదో ఒక పని కల్పించుకునేవాడు. కుర్చీ కాళ్ళు బిగించేవాడు, కోళ్ళ గూడు బాగుచేసేవాడు. ఆ పిల్ల మాత్రం అతన్నే చూస్తుండేది. అతను నీళ్ళు తాగితే చూసేది, చెప్పులు విప్పితే చూసేది. తండ్రి గుర్తొస్తున్నాడేమో పాపం అనుకున్నాం. లాహ్యాని అడిగితే తండ్రి సంగతి ఎవరికీ తెలియదంది. బాంబులు పడ్డ రోజు పొద్దున శిబిరంలో కట్టిన వరసలో తైమి పక్కన నిలబడింది దాని చెల్లెలని మాత్రం చెప్పింది. ఆ చెల్లెలు ఇప్పుడు ఎక్కడని నేను అడగలేదు.

డిసెంబరు చివర్లో, కోత సగం అయ్యాక, ఒక ఆదివారం. ఏడాది చివరని మా అత్తగారు ఎక్కడో పంది మాంసం సంపాదించింది. నల్ల చిక్కుళ్ళతో అన్నం వండింది. ఎవెలియో పొలం నుంచి అలాగే వచ్చి బల్ల ముందు కూలబడ్డాడు.

"చేతులు!" అని అరిచింది మా అత్తగారు. "ఆ మట్టి చేతులతోనే తింటావట్రా? నలభై ఏళ్ళొచ్చినా నేనే చెప్పాలా? లే!"

దొంగలా లేచి వెళ్ళి చేతులు కడుక్కొచ్చాడు. అది చూసి తైమి నవ్వింది. మా ఇంట్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. మా ప్రాణాలు లేచొచ్చాయి.

"నువ్వు కూడా ఆ రోజు నవ్వావు," అంది ఎవెలియోతో. అప్పటికి మా భాష చక్కగా వచ్చేసింది దానికి. "రెండోసారి కిందికి వచ్చినప్పుడు. నేను నీ మొహం చూశాను. తర్వాత బడి పక్కన మందు చల్లుతుంటే గుర్తుపట్టాను."

ఎవెలియో చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"తెలుసా నీకు?" అన్నాను. "తెలిసే మా ఇంటి పేరు చెప్పావా? ఎందుకు తల్లీ?"

"చూద్దామని."

"ఏం చూద్దామని?"

తైమి తప్పుల్లేకుండా చెప్పాలని, పాఠం అప్పజెప్పేటప్పటిలాగే నిదానంగా చెప్పింది.

"అక్కడ మా మీదికి వచ్చినవాళ్ళ మొహాలు కనపళ్ళేదు. వాళ్ళు మనుషులు కారనుకున్నాను. వాళ్ళకి ఇళ్ళుండవనుకున్నాను. నీ మొహం కనిపించింది. అందుకని, విమానం నడిపేవాడు ఇంట్లో ఎలా ఉంటాడో చూద్దామని వచ్చాను."

ఎవెలియో చెంచా పళ్ళెంలో పెట్టేశాడు.

తైమి మా అత్తగారి వైపు తిరిగింది. "అక్కడ మా మీదికి వచ్చినవాడికి కూడా ఉంటుందా అమ్మమ్మా, చేతులు కడుక్కోమని అరిచే అమ్మ?"

దేనికైనా ఠకీమని బదులిచ్చే మా అత్తగారు ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను.

"ఉంటుందమ్మా," అంది.

"అయితే ఆ రోజు వాడు ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు," అంది తైమి.

ప్రశ్న కాదది. ఆ పిల్ల తన పళ్ళెం దగ్గరికి లాక్కుని, చిక్కుళ్ళు అన్నంలో కలుపుకుని మెల్లగా తినడం మొదలుపెట్టింది.